హాఫ్‌టైమ్‌లో కెప్టెన్ని దించిన కోచ్

1976 వేసవిలో, లీగ్ సీజన్‌కు ముందు, నన్ను మా సంస్థ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా వేశారు. మద్రాసు హార్బరుకు ఆనుకుని ఉన్న ప్రభుత్వ సంస్థ అది. పేరు చెప్పను. చెప్పినందువల్ల ఒరిగేది లేదు, ఆ రోజుల్లో నగరంలో ఏ ఆఫీసు జట్టు చూసినా ఇదే బాపతు. కోచ్‌గా వేశారంటే ఉద్యోగం మారిందని అనుకోవద్దు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో, అంటే నియామకాలూ బదిలీలూ చూసే విభాగంలో, నేను గుమాస్తాని. ఆ సీటులో అట్లాగే ఉంచి, కోచింగ్ 'అదనపు బాధ్యత' అని ఒక చిన్న ఆర్డరు చేతిలో పెట్టారు. మధ్యాహ్నం దాకా ఫైళ్ళు, తర్వాత మైదానం.

ఫుట్‌బాల్ ఆడి బతికినవాళ్ళు అనగానే ఇప్పటి పిల్లలు కాంట్రాక్టులు, వేలంపాటలు ఊహించుకుంటారు. మా కాలంలో ఆటకు జీతం లేదు. ఆట చూసి ఇచ్చిన ఉద్యోగానికి జీతం. నేను రాయపురం ఇసుకలో వట్టికాళ్ళతో ఆడి పెరిగినవాణ్ణి. మా నాయన జార్జి టౌన్‌లో ఒక మిరపకాయల మండీలో లెక్కలు రాసేవాడు. బంతి కూడు పెడుతుందా అని రోజూ తిట్టేవాడు. అరవైల మొదట్లో నా ఆట చూసి ఈ సంస్థవాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చినప్పుడు ఆయన నోరు మూతపడింది. మూతపడిందే గాని, మెచ్చుకోవడానికి మాత్రం తెరుచుకోలేదు.

పుష్కరకాలం పైగా నేను హాఫ్ స్థానంలో, అంటే రక్షణ వరుసకూ ఫార్వర్డులకూ నడుమ, ఆడాను. నా వెనక స్టాపర్‌గా వరదరాజులు ఆడేవాడు. స్టాపర్ అంటే గోల్ కాసే గోలీకి ముందు, రక్షణ వరుస నడిమధ్యలో నిలబడే ఆటగాడు. ఎదుటివాళ్ళ సెంటర్ ఫార్వర్డును ఆపడమే అతని పని. వరద వెనకుంటే నాకు తల తిప్పి చూసే అవసరం ఉండేది కాదు. ఇద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. వాళ్ళూ మా మాదిరే తరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఆఫీసులో అరవమో ఇంగ్లీషో మాట్లాడినా, మైదానంలో మా ఇద్దరి మధ్యా నడిచేది తెలుగే. ఎదుటి జట్టుకు అర్థం కాదన్న సౌకర్యం కూడా అందులో ఉండేది.

అతను బి.ఏ. చదివాడు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. దగ్గర ఆగాను. డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి అతను ఆఫీసరయ్యాడు, అదీ మా సెక్షన్‌కే. నేను మోకాళ్ళు సహకరించక ఆట మానేసి, సంస్థ పంపితే ఉత్తరాదికి వెళ్ళి కోచింగ్ కోర్సు చేసి వచ్చాను. ఈ రెండు ముక్కలూ కలిపి చూస్తే నా ఉద్యోగం ఏపాటిదో తెలుస్తుంది. పొద్దున వరదరాజులు గారి బల్ల ముందు నిలబడి "సార్" అనాలి. సాయంత్రం అదే మనిషిని "వరదా, ఇంకొక రౌండు పరుగెత్తు" అనాలి. అతను ఇంకా ఆడుతున్నాడు. పైగా కెప్టెన్.

జట్టును ఎన్నుకునే పద్ధతి కూడా చెప్పాలి. ప్రతి మ్యాచ్‌కు ముందు మేనేజరు, కెప్టెన్, కోచ్ ముగ్గురూ కూర్చుని పదకొండుగురి పేర్లు ఖాయం చేయాలి. మేనేజరు అంటే ఆట తెలిసినవాడని కాదు, పెద్ద హోదా ఉన్న ఆఫీసరని అర్థం. మా మేనేజరు మర్యాదస్తుడే. బంతి ఏ రంగులో ఉందో కూడా పట్టించుకునేవాడు కాదు. కెప్టెన్ ఆడాలా వద్దా అన్న విషయం కెప్టెన్ ఎదుట, అందులోనూ నాకు పైఆఫీసరు ఎదుట ఎత్తాలి. ఎవరెత్తుతారు?

వరద కాళ్ళు నెమ్మదించాయి. నిలబడి ఉన్నంతసేపూ బాగానే ఉండేవాడు, బంతికి తల తగిలించడంలో లోటు లేదు. కానీ తల మీదుగా బంతి వెళ్ళిందంటే వెనక్కి తిరిగేసరికి ఎదుటివాడు గోలీ ముందుండేవాడు. ఆటగాడి వయసు ముందుగా బయటపడేది ఆ తిరగడంలోనే. బయటి జనానికి తెలియదు, జట్టుకు మాత్రం తెలిసిపోతుంది.

ఆ ఏడు సీజన్ మొదట్లో స్పోర్ట్స్ కోటాలో క్యాజువల్‌గా, అంటే తాత్కాలిక ఉద్యోగిగా, ఒకణ్ణి తీసుకున్నారు. పేరు ఢిల్లీబాబు. రాయపురం మనిషి, స్టాపర్. వాళ్ళ నాయన చేపల రేవులో మంచుగడ్డలు మోసేవాడు, భుజం అరిగిపోయి ఆ పని కూడా అంతంతమాత్రంగా చేస్తున్నాడు. నేను చాలామంది స్టాపర్లను చూశాను. ఎదుటివాడు బంతితో మీదికి వస్తుంటే నూటికి తొంభైమంది కాలు విసురుతారు. ఇతను విసిరేవాడు కాదు. వెనక్కి వెనక్కి నడుస్తూ వాణ్ణి పక్కకు తోసుకుపోయి, వాడే తొందరపడి బంతిని ఒక అడుగు దూరం వదిలినప్పుడు మెల్లగా తీసుకునేవాడు. అది నేర్పితే వచ్చేది కాదు. నేను నేర్పింది ఎడమకాలితో తిరగడం ఒక్కటే.

క్యాజువల్‌గా వచ్చిన ఆటగాడికి ఒక షరతు ఉండేది. సీజన్ ముగిసేలోగా లీగ్‌లో ఒక్కసారైనా మైదానంలోకి దిగి ఆడి ఉండాలి. ఆడితే పర్మనెంట్ చేస్తారు. ఆడకపోతే సీజన్‌తోపాటే పంపేస్తారు, మరుసటి ఏడు కొత్తవాళ్ళు వస్తారు. ఢిల్లీబాబు స్టాపర్ తప్ప మరొకటి ఆడలేడు. ఆ చోట్లో కెప్టెన్ ఉన్నాడు.

నేను ఊరుకోలేదు. ఒకరోజు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు వరద బల్ల ముందు కూర్చున్నాను. నిలబడలేదు, కావాలనే కూర్చున్నాను. తేలిక మ్యాచ్ ఒకటి చూసి సగం ఆట ఆ పిల్లవాడికి ఇమ్మని అడిగాను.

"ఇస్తాలేరా. మంచి పిల్లకాయ. వచ్చే మ్యాచ్‌కి చూస్తాం," అన్నాడు.

వచ్చే మ్యాచ్ వచ్చింది, పోయింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ వచ్చే మ్యాచ్ అన్నాడు. మూడోసారి అడిగినప్పుడు పెన్ను మూసి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు ఆట మానినాక ఈ బిల్డింగులో నిన్ను ఎవురన్నా పేరు పెట్టి పిలిచినారా? ఆ మూల సీటాయన అంటుండారు గదా? నాకు ఆ గతి ఎందుకురా?"

అతను అన్నది నిజం. డిగ్రీలున్న ఆఫీసర్ల మధ్య అతను మరొక ఆఫీసరు, అంతే. మైదానంలోకి దిగితేనే గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి చైర్మన్ దాకా అతని పేరు అందరి నోటా వినపడేది. నాకు జాలి కలిగింది. కానీ జాలితో జట్టు నడవదు. పైగా ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. క్యాజువల్‌ను పర్మనెంట్ చేసే ఫైలు మొదలయ్యేది అతని బల్ల మీదే. తన చోటుకు రాబోయే మనిషిని తన సంతకంతోనే తెచ్చిపెట్టుకునేంత అమాయకుడు కాడు వరద.

సీజన్ ఆఖరి మ్యాచ్ వచ్చింది. మాకు గెలుపు అక్కర్లేదు, డ్రా అయితే చాలు. ఓడితే సీనియర్ డివిజన్ నుంచి కింది డివిజన్‌కు జారిపోతాం. అందుకని చైర్మన్ స్వయంగా వస్తున్నాడన్నారు, ఆయన వస్తే ఆఫీసర్లంతా వస్తారు, కుటుంబాలతో సహా. పదకొండుగురి పేర్లలో కెప్టెన్ పేరు మొదట ఉంది. ఢిల్లీబాబు పేరు సబ్‌స్టిట్యూట్లలో రాయించగలిగాను. అందుకు మాత్రం వరద అడ్డు చెప్పలేదు. బెంచీ మీద కూర్చుంటే ఆడినట్టు కాదు గదా.

ఆ ముగ్గురి కమిటీ చేతిలో లేని అధికారం కోచ్‌కు ఒక్కటే ఉంటుంది. ఆట నడుస్తుండగా ఇద్దరిని మార్చవచ్చు. చిన్న కాగితం మీద ఎవరు బయటికి, ఎవరు లోపలికి అని రాసి లైన్స్‌మన్‌కు ఇస్తే చాలు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అయితే ఆఫీసు జట్లలో ఒక ఆనవాయితీ ఉండేది. కాలు విరిగితే తప్ప కెప్టెన్ని మార్చరు. నిబంధన పుస్తకంలో లేదు గాని నిబంధన కంటే గట్టిది. ఆఫీసరైన కెప్టెన్ని గుమాస్తా అయిన కోచ్ బయటికి పిలవడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఆ పొద్దున నేను ఢిల్లీబాబుతో బూట్లు గట్టిగా కట్టుకొని సిద్ధంగా ఉండమని చెప్పాను. అతను ఎందుకని అడగలేదు.

సెంట్రల్ స్టేషన్ వెనకున్న స్టేడియంలో ఆట. మొదటి సగంలో నేను భయపడిందే జరిగింది. ఎదుటి జట్టు హాఫ్ ఒకడు వరద తల మీదుగా బంతి వేశాడు. వరద తిరిగేలోగా వాళ్ళ ఫార్వర్డు గోల్ కొట్టేశాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అట్లాగే దూసుకొచ్చారు, మా గోలీ పుణ్యమా అని బతికాం. పైన షామియానా కింద చైర్మన్ బిస్కట్ కొరుకుతూ చూస్తున్నాడు.

హాఫ్‌టైమ్ ఈల పడగానే నేను ముందు లైన్స్‌మన్‌కు కాగితం ఇచ్చి, ఆ తర్వాతే గ్యాలరీ కిందున్న గదికి వెళ్ళాను. ముందు చెప్పి తర్వాత ఇద్దామనుకుంటే, పైనుంచి మేనేజరు దిగివస్తాడని తెలుసు. ఆటగాళ్ళు నిమ్మసోడా తాగుతున్నారు. వరద తడిగుడ్డ మెడ మీద వేసుకొని కూర్చున్నాడు.

"వరదా, నువ్వు కూర్చో. ఢిల్లీ దిగతాడు," అన్నాను.

"సుమ్మా ఉండురా," అన్నాడు నవ్వుతూ, ఊరికే వేళాకోళం ఆడుతున్నాననుకొని.

"సుమ్మా కాదు. స్లిప్పు ఇచ్చేసినా."

గదిలో ఎవరూ సోడా తాగలేదు. వరద లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పాడు. దాన్ని వైస్ కెప్టెన్ చేతికి ఇవ్వాలి, అది పద్ధతి. ఇవ్వకుండా బెంచీ మీద పడేసి, "ఆడ మా ఇంటోళ్ళు కూచోనుండారురా," అన్నాడు. అతను నాతో మాట్లాడిన ఆఖరి తెలుగు మాట అదే. తర్వాత ఎప్పుడు మాట్లాడినా ఇంగ్లీషులోనే.

రెండో సగంలో ఢిల్లీబాబు ఆడిన ఆట గురించి చెప్పాలంటే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, మంచి స్టాపర్ ఆట అట్లాగే ఉంటుంది. మొదటి సగంలో గోల్ కొట్టిన ఫార్వర్డు ఒకసారి ఒంటరిగా వచ్చాడు. ఢిల్లీబాబు కాలు విసరలేదు. వాణ్ణి తోసుకుంటూ తోసుకుంటూ మూల జెండా దాకా తీసుకుపోయి, అక్కడ బంతి తీసుకొని మా హాఫ్‌కు నింపాదిగా అందించాడు. గ్యాలరీలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా ఒళ్ళు మాత్రం పులకరించింది. ఆ తర్వాత కార్నర్ నుంచి వచ్చిన బంతిని మా సెంటర్ ఫార్వర్డు తలతో లోపలికి కొట్టాడు. ఆట డ్రా అయింది. డివిజన్ నిలిచింది.

సోమవారం మేనేజరు పిలిచాడు. అభినందిస్తాడని నేను అనుకోలేదు, అంత వెర్రి నాకు లేదు. కెప్టెన్‌కు దెబ్బ తగిలిందా అని చైర్మన్ అడిగాడట. వరద భార్య కూడా అదే అడిగిందట. మేనేజరు నా మంచి కోరే చెప్పాడు. కెప్టెన్‌కు మోకాలు పట్టేసింది, అందుకని మార్చానని ఒక్క మాట అంటే చాలు, అందరి పరువూ నిలుస్తుందన్నాడు. నేను మోకాలికి ఏమీ కాలేదండీ, ఆట పోయింది అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, అయితే విచారణ వేయాల్సి వస్తుందన్నాడు.

విచారణ అంటే ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి, ఆ రోజు కెప్టెన్ కుంటాడా లేదా అని అడగడం. ఒక్కొక్కరే వెళ్ళి కుంటాడనే చెప్పారు. వాళ్ళను నేను తప్పు పట్టను. బదిలీలు చూసే సెక్షన్ ఆఫీసరు కుంటాడంటే కుంటినట్టే లెక్క.

ఢిల్లీబాబు వంతు రాకముందు తండయారుపేటలోని మా ఇంటికి వచ్చాడు. గడప దాటి లోపలికి రాలేదు.

"అన్నా, సారు కుంటినాడని చెప్పమంటుండారు. చెప్తే పర్మనెంట్ ఫైలు పైకి పోతాదంట. లేదంటే చూస్తాం అంటుండారు. నేను ఏం చెప్పేది?"

"నీకు కండ్లుండాయి. ఏం చూసినావో అది చెప్పు," అన్నాను కటువుగా.

"నాయన ఇంక మంచు మొయ్యలేడన్నా," అన్నాడు.

ఆ మాటతో నా బిగువంతా సడలిపోయింది. అసలు ఆ పిల్లవాడికి ఉద్యోగం దొరకాలనే గదా ఇంత గొడవ. "సరే, పో. కుంటినాడనే చెప్పు," అన్నాను. అతను వెళ్ళాక మా ఆవిడ లోపలినుంచి వచ్చి, "ఆ పిల్లోడు ఆఫీసుకి పోతాడు, మీరు ఈడ్నించి ఎన్నూరు బస్సెక్కండి. బాగా చేసినారు," అంది. మా సంస్థలో గిట్టనివాళ్ళను తోసేది అక్కడికే; ఏ ఊరికి వేస్తారో నాకంటే ముందే ఆమెకు తెలిసిపోయింది.

తేలిన నిజం ఇది. కెప్టెన్ గాయపడ్డాడు. అయినా పంటి బిగువున ఆడాడు. కోచ్ అతన్ని పరామర్శించకపోగా ఆట బాగాలేదని అవమానించాడు. పైఅధికారి పట్ల అనుచిత ప్రవర్తన అనే పేరుతో నా అదనపు బాధ్యత తీసేశారు. ఇకమీదట కోచ్‌గా ఆఫీసరు హోదా ఉన్నవాళ్ళే ఉండాలని ఒక సర్క్యులర్ వచ్చింది. జట్టులో ఆఫీసరు హోదా ఉన్నది ఒక్కడే. ఆ విధంగా వరదరాజులు కెప్టెనూ అయ్యాడు, కోచూ అయ్యాడు. కోర్సు చేసిన సర్టిఫికెట్టు ఉన్న నన్ను ఎన్నూరు స్టోర్సుకు బదిలీ చేశారు. లారీల్లో వచ్చే సరుకు దింపించి, రసీదులు కొట్టడం నా పని. బొగ్గుదుమ్ముకు సాయంత్రానికి చొక్కా కాలరు నల్లబడేది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ జట్టుకూ నేను కోచ్‌ని కాలేదు.

ఢిల్లీబాబును పర్మనెంట్ చేశారు. మాట తప్పలేదు వాళ్ళు, ఆ వరకు ఒప్పుకోవాలి. మరుసటి సీజన్‌లో ఎన్నూరులో ఉండి నేను లీగ్ ఫలితాలు పేపర్లో చూసేవాణ్ణి. జట్టు పేర్లలో స్టాపర్ వరదరాజులే. ఆ పై ఏడు కూడా అంతే. ఢిల్లీబాబు సబ్‌స్టిట్యూట్లలో కూడా లేడు. కెప్టెనే కోచ్ అయినప్పుడు కెప్టెన్ని బయటికి పిలిచే కాగితం ఎవరు రాస్తారు? మూడో సీజన్‌లో జట్టు కింది డివిజన్‌కు జారిపోయింది, తర్వాత కొన్నాళ్ళకు జట్టునే ఎత్తేశారు. అది చదివి నేను సంతోషించాను. సంతోషించలేదని రాస్తే అబద్ధమవుతుంది.

ఎనభైల మొదట్లో ఢిల్లీబాబును కూడా ఎన్నూరు స్టోర్సుకు వేశారు, అటెండరుగా. ఒళ్ళు వచ్చింది, మీసం పెంచాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. నాయన పోయాడని, అంతకుముందే మంచు మోయడం మానిపించేశానని చెప్పాడు. ఆట గురించి నేనే అడిగాను.

"పోయినాను అన్నా, ప్రాక్టీసుకి. దినమూ పోయినాను. ఆయన బంతులు ఏరి సంచిలో ఎయ్యమనేవాడు. ఒక దినం నాకే సిగ్గుపుట్టి మానేసినా." మీసం సవరించుకొని, "నెలా నెలా జీతం వస్తుండాది. అది నువ్వు పెట్టిన బిక్షే కదన్నా," అన్నాడు. నన్ను సంతోషపెట్టడానికే అన్నాడు. నేను లారీ వచ్చిందని చెప్పి బయటికి వెళ్ళిపోయాను. లారీ ఏమీ రాలేదు.

ఆ రోజు చేసిన పని ఈనాడైనా చేస్తాను. దానికి విచారం లేదు. మేనేజరు చెప్పిన ఆ చిన్న అబద్ధం ఆడి ఉంటే అని అప్పుడప్పుడూ మా ఆవిడ అంటుంది. ఆడి ఉంటే నేను కోచ్‌గా మిగిలేవాణ్ణేమో, ఆ పిల్లవాడు ఆటగాడిగా మిగిలేవాడేమో. నాకు తెలియదు. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒకటే. ఆటగాడికి ఉద్యోగం ఇప్పించడం వేరు, ఆట ఇప్పించడం వేరు. మొదటిది ఒక్క కాగితం ముక్కతో అయింది. రెండోది కావాలంటే కోచ్ జట్టులో మిగిలి ఉండాలి, నేను మిగలలేదు. నేను చూసిన స్టాపర్లందరిలోకీ గొప్పవాడు సీనియర్ డివిజన్‌లో ఆడింది ఆ సగం ఆట మాత్రమే.